నమిలి చూసిన మైనం

మా బావ సారంగపాణి ఒకచోట కదలకుండా కూర్చోవడం ముప్పై ఏళ్ళ చుట్టరికంలో నేను మొదటిసారి చూశాను. 1983 వైశాఖంలో, ఒక శుక్రవారం, మిట్టమధ్యాహ్నపు ఎండలో. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే అంతకుముందు ఆయన ఎలా తిరిగేవాడో చెప్పకపోతే ఆ కూర్చోవడం విలువ ఎవరికీ తెలియదు.

ఆయన మా అక్క కల్యాణవల్లి మొగుడు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఇల్లు. దేవస్థానం స్టోర్సులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి దిగాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, లేచి వెళ్ళి వాకిలి గడియ చూసి వచ్చేవాడు. బస్సులో సీటు దొరికినా డ్రైవరు వెనక నిలబడేవాడు. పెళ్ళిపీటల మీదనుంచి కూడా రెండుసార్లు లేచాడని, పురోహితుడు ఉత్తరీయం పట్టి కిందికి లాగాడని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. పొద్దున్నే అలిపిరి దాకా నడిచి, కొండకు దండం పెట్టి, మెట్టు ఎక్కకుండానే తిరిగొచ్చేవాడు. ఇంతదూరం ఎందుకు బావా అంటే, "ఇంట్లో ఉంటే కాళ్ళు పీకుతాయప్పా" అనేవాడు. ఆయన పక్కన అరగంట ఉంటే నా కాళ్ళూ పీకేవి.

ఇంత నిలకడలేని మనిషికి ఊళ్ళో మాత్రం గొప్ప పేరుండేది. మైనం సారంగపాణి అనేవాళ్ళు.

మైనమంటే తేనెమైనం. తేనె పిండేశాక మిగిలిన పట్టును వేడినీళ్ళలో కరిగించి, గుడ్డలో వడగట్టి, చల్లారనిస్తే పైన బిళ్ళ తేలుతుంది. అదీ మైనం. ఇప్పటివాళ్ళకు మైనమంటే కొవ్వొత్తి గుర్తొస్తుంది, నాకు ఒళ్ళు మండుతుంది. మా వైపు మైనం లేకుండా ఎవరి పనీ జరిగేది కాదు. చెప్పులు కుట్టేవాళ్ళు దారానికి పట్టిస్తారు. నగరిలో నేతవాళ్ళు మగ్గం తాళ్ళకు రాసుకుంటారు. కాలి పగుళ్ళకు నువ్వులనూనెతో కాచి పూస్తారు. పంచలోహాల విగ్రహం పోసే స్థపతులు స్వామిని ముందుగా మైనంలోనే చేస్తారు. దాని చుట్టూ మట్టి మెత్తి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. నుదుట చిటికెడు మైనం గుండ్రంగా అద్ది, దానిమీద కుంకుమ పెడితే పొద్దుగూకేదాకా చెదరదు. కుంకుమ భరిణె పక్కన మైనం డబ్బీ లేని ఇల్లు నేను చూడలేదు. మా అక్క ఆ బొట్టుమైనం కాచేది. రెండు చుక్కల కొబ్బరినూనె కలిపి, చిన్న చిన్న డబ్బీల్లో పోసి, వీధిలో అందరికీ ఇచ్చేది.

మైనంలో కల్తీ కనిపెట్టడం బావ పని. అది వాళ్ళ నాయన నేర్పిన విద్య. శనగగింజంత ముక్క తుంచి నోట్లో వేసుకుని, సందు ఈ కొసనుంచి ఆ కొసదాకా నడుస్తూ నమిలేవాడు. మంచిదైతే మొదట పెళుసుగా విరిగి, నోటి వేడికి ముద్దగా మారి, పంటికి అంటకుండా తిరుగుతుందట. ఏదైనా కొవ్వు కలిస్తే పంటికి పట్టుకుంటుంది, కొవ్వొత్తుల సరుకు కలిస్తే పొడిపొడిగా రాలిపోతుంది. చివరకు ఉమ్మేసి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించి "సరే" అనేవాడు, లేదా "ఊహూ" అనేవాడు. ఆ ఊహూకి ఎదురు చెప్పిన స్థపతి లేడు.

మైనం తెచ్చేది సిద్ధమ్మ. తలకోన వైపు అడవుల్లో తేనె తీసే కుటుంబంలో పెద్దది. ఏటా రెండుసార్లు తలమీద బుట్టతో అక్క వాకిట్లో దిగేది. ఆమె మైనం చూడటానికి బాగుండదు. నల్లగా, ఈగల కాళ్ళూ రెక్కలూ ఇరుక్కుని ఉండేది. ఆమె మాటలు మాత్రం వింటూ కూర్చోవచ్చు. "పున్నమికి పట్టు జోలికి పోగూడదమ్మా. ఎన్నెల్లో ఈగలే తేనంతా తాగేస్తాయి. పట్టు మొత్తం కొయ్యగూడదు. తలకాడ నాలుగు వేళ్ళ మందం ఇడిసిపెట్టాల. మొత్తం కోసినోడి మైనం దేన్నీ పట్టుకోదు, ఈగలు అట్లా శాపం పెట్టుండాయి" అనేది. మా బావ ఆ మాటలు వింటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. అక్క మాత్రం ఆమె పక్కనే కూర్చుని, మైనం ముక్క వేళ్ళ మధ్య నలుపుతూ ఉండేది.

82 చివర్లో బావ నోరు పోయింది. చిగుళ్ళు వాచి చీము పట్టి, ఆస్పత్రిలో పళ్ళన్నీ తీసేశారు. కట్టుడు పళ్ళ కొలతలకని డాక్టరు గులాబీరంగు మైనం నోట్లో పెట్టి కొరకమన్నాడట. ఈయన కొరికి, బయటికి తీసి వాసన చూసి, "ఇది మైనమేనా డాక్టరు గారూ? తేనె వాసన యాడుండాది?" అని నిలదీశాడట. ఆస్పత్రినుంచి ఇంటిదాకా నడిచి వచ్చి ఆ మాట నాకు చెప్పి పడీపడీ నవ్వాడు. తరువాత పళ్ళొచ్చాయి. తెల్లగా, వరసగా, అంగుడిదాకా కప్పేసిన పళ్ళు. "పాతవాటికంటే ఇవే మేలు" అని అడక్కపోయినా అందరికీ చెప్పేవాడు. అలా చెప్పినప్పుడే నేను అనుమానపడి ఉండాల్సింది.

అప్పట్లో నేను ఐరాల హైస్కూల్లో పంతులుని. మూడు మైళ్ళ దూరంలో చింతమాకులపల్లెలో కాపురం. ఆ పల్లెలో వరదరాజస్వామి గుడి ఉంది. పీఠానికీ స్వామికీ మధ్య కట్టు పగిలిపోయి, అభిషేకం చేసిన తిరుమంజనం నీళ్ళు కిందికి దిగిపోతున్నాయి. అర్చకుడు హారతి ఇస్తూ ఒకరోజు చెయ్యి ఆనిస్తే స్వామి కదిలాడు. అర్చకుడు ఏడ్చినంత పనిచేసి, ధర్మకర్త రంగరాజు ఇంటికి పరిగెత్తాడు. మళ్ళీ అష్టబంధనం వేయించాలని ఊరంతా తీర్మానం చేసుకుంది.

అష్టబంధనమంటే ఎనిమిది వస్తువుల ముద్ద. లక్క, గుగ్గిలం, మైనం, కావిరాయి, సున్నపురాయి, ఇంగిలీకం అనే ఎర్రరాయి, పత్తి, ఎనుమువెన్న అంటే గేదెవెన్న. వీటిని రాతిమీద వేసి, ఇనప పొన్ను తొడిగిన రోకళ్ళతో రోజుల తరబడి దంచాలి. దంచే వేడికే అది ముద్ద కావాలి. ఒకసారి మొదలుపెడితే స్వామికి అద్దేదాకా రోకటి చప్పుడు ఆగకూడదు. ఆగితే రాయైపోతుంది. బాగా కుదిరిన ముద్దను తాడులా పేనితే ఎక్కడా చిట్లదు. అది పీఠం చుట్టూ నొక్కితే పన్నెండేళ్ళు స్వామి కదలడు. అందులో తక్కినవన్నీ బలం ఇస్తే, సాగేగుణం ఇచ్చేది మైనం. మైనం చెడితే అన్నీ చెడినట్టే.

సరుకంతా చూసి తెచ్చే పని రంగరాజు మా బావకు అప్పజెప్పాడు. ఆయన మైనం చూసిన రోజు నేను తిరుపతిలోనే ఉన్నాను. వాకిట్లో రెండు మైనాలున్నాయి. ఒకటి సిద్ధమ్మ ఇచ్చిపోయిన నల్లముద్ద. ఇంకొకటి చిత్తూరు బజారులో ఒక అంగడివాడు పంపిన బిళ్ళలు. పసుపుపచ్చగా, నున్నగా, అచ్చులో పోసినట్టున్నాయి. బావ పచ్చబిళ్ళలోంచి ముక్క తుంచి నోట్లో వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. సందు రెండుసార్లు చుట్టాడు, మూడోసారి కూడా చుట్టాడు. ఎప్పుడూ ఒక్కసారితో తేలేది. నేను అరుగుమీద కూర్చుని, "ఏం బావా, అలిపిరిదాకా నమలాలా?" అని వేళాకోళం చేశాను. ఆయన ఉమ్మేసి, పుక్కిలించి, నా వైపు చూడకుండా "సరే" అన్నాడు.

అక్క ఆ బిళ్ళ అంచు గీకి, వేళ్ళతో మెత్తజేసి, తన నుదుట పెట్టుకుని కుంకుమ అద్దుకుంది. మధ్యాహ్నం మాకు వడ్డించేవేళకు ఆ కుంకుమ కిందికి జారి ముక్కుదూలం మీదికొచ్చింది.

"ఏమండీ, ఈ మైనం నిలవలేదు. నాకెందుకో బాగా తోచలేదు. సిద్ధమ్మది తీసుకోండి" అంది.

"నీ చెమటకు మైనమేం చేస్తుందే? అందులో ఈగల కాళ్ళున్నాయి, స్వామికి అదా పెట్టేది?" అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

ముహూర్తం వైశాఖంలో ఒక ఆదివారం ఉదయం. మంగళవారం గుడి ప్రాకారంలో రోకళ్ళు లేచాయి. వెంకటముని అనే పెద్దాయన నాయకత్వంలో నలుగురు నలుగురుగా పూటల ప్రకారం దంచారు. ధన్ ధన్‌మని ఆ చప్పుడు ఇళ్ళలోకి, అన్నంలోకి, నిద్రలోకి వచ్చేసింది. నాకు వేసవి సెలవులు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కూడా దంచుతున్నట్టే ఉండేవి. బావ ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగాడు. ఆ నాలుగు రోజులూ ఆయన పడుకున్నట్టు నాకు గుర్తులేదు. గుడికి వెళ్ళేవాడు, బండచుట్టూ తిరిగేవాడు, ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగేవాడు, గ్లాసు పెట్టకముందే మళ్ళీ గుడికి బయలుదేరేవాడు.

బుధవారం సాయంత్రానికి ముద్ద కుదరాలి. కుదరలేదు. వెంకటముని గుప్పెడు తీసి పేనితే మధ్యలో చిట్లింది.

"ఇంగా దంచాల. ఎన్న ఇంగొంచెం ఎయ్యండప్పా" అన్నాడు.

వెన్న వేశారు. మెత్తబడింది. పైకి జిడ్డు తేలి తళతళలాడింది. చూసినవాళ్ళందరూ బాగా వస్తోందన్నారు. బావ ఒక్కడు మాత్రం వంగి, చిటికెడు తీసుకుని, వేళ్ళమధ్య నలిపి, పంచెకు తుడుచుకున్నాడు. తరువాత నా చెయ్యి పట్టుకుని ఐరాల దారిలో నడిపించాడు. ఎందుకని అడిగితే చెప్పడు. మైలు దూరం పోయాక చింతచెట్ల కింద ఆగకుండానే నన్ను పేరుపెట్టి పిలిచి అన్నాడు.

"శఠగోపం, ఆ మైనం మంచిది కాదు."

"నువ్వే కదా బావా సరే అన్నావు?"

"అన్నాను. నాకు తెలియలేదు. ఈ పళ్ళొచ్చినప్పటినుంచీ నాకేమీ తెలియడం లేదప్పా. మైనమైనా మట్టైనా నోట్లో ఒకటే. మూడుసార్లు చుట్టినాను. ఇప్పుడైనా తెలుస్తుందేమో, ఇప్పుడైనా తెలుస్తుందేమో అని. తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు. మీ అక్క చెప్పింది. దాని బొట్టు జారింది. నేను నవ్వినాను."

నాకు కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాత్రం నడుస్తూనే ఉన్నాడు. పరిగెత్తి అందుకున్నాను.

"ఇప్పుడేమవుతుంది?"

"ఇప్పుడేమీ కాదు. అందరూ బాగుందనే అంటారు. స్వామిని నిలబెడతారు, మనకు శాలువాలు కప్పుతారు. రెండు వానాకాలాలు పోతే మళ్ళీ కదులుతాడు. అప్పుడు ఎవరేం చేశారని ఎవరికి గుర్తుంటుంది? అందులో ఏం కలిపినాడో ఆ అంగడివాడు. కొవ్వొత్తి సరుకో, డాల్డానో, ఇంకేం కొవ్వో..." స్వామి పాదాల కింద ఏ జంతువు కొవ్వు పెడుతున్నామో అన్న తలపు మా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

"చెప్పేద్దాం బావా, నేనుంటా" అన్నాను.

"ముప్పై ఏళ్ళ పేరప్పా. మా నాయన పేరు" అన్నాడు. ఐరాల దాకా వెళ్ళి, కాఫీ అడిగి, తాగకుండానే తిరిగొచ్చాం. ఆ మూడు మైళ్ళూ నేను ఆయన్ను తిట్టాలనుకుంటూనే ఉన్నాను, తిట్టలేకపోయాను. చెప్పకపోతే ఆయన బతకలేడు, చెబితే ఎలా బతుకుతాడో నాకు తెలియలేదు.

గురువారం ఉదయం వెంకటముని రోకలి ఆపకుండానే గొణిగాడు. "ఏందో రాజుగారూ, ముద్దలో జీవం లేదు. మైనంలో ఏమన్నా ఉండాదేమో."

రంగరాజు గట్టిగా నవ్వాడు. "అనుమానమెందుకబ్బా? సారంగపాణి సామి నోట్లో ఏసుకుని సూసిన మైనం అది. తిరుగేముండాది?"

ప్రాకారం చుట్టూ తిరుగుతున్న మా బావ అక్కడికి వచ్చాడు. భుజం మీది తువాలు తీసి బండ అంచున పరిచాడు. నోట్లోంచి పై వరస తీశాడు, కింది వరస తీశాడు, రెండూ దానిమీద పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయి ఒక్క నిమిషంలో పదేళ్ళు పైబడినట్టయ్యాడు.

"నమిలింది ఇవి, రంగరాజూ" అన్నాడు. మాట గాలిపోయినట్టు వచ్చింది. అయినా అందరికీ వినబడింది. "నాకు మంచీ చెడూ ఏమీ తెలియలేదు. తెలిసినట్టు చెప్పినాను. ఆ మైనం చెడ్డది. ఇంక దంచద్దు."

రోకళ్ళు ఆగిపోయాయి. రెండు రోజులుగా చెవుల్లో మోగిన చప్పుడు ఉన్నట్టుండి లేకపోయేసరికి పల్లెలో కుక్కలు అరిచాయి. అర్చకుడు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. రంగరాజు మొహం కందిపోయింది.

"సామీ, ఆదివారం ముహూర్తం! పది ఊర్లకు పిలుపులు పోయినాయి. నిన్ను నమ్మి కదా... ఇట్లా సేస్తావా?"

బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి అన్నీ విన్నాడు. ఒకడు ముసలి దొంగ అన్నాడు. నేను వాడిమీదికి పోబోతే బావే నన్ను ఆపాడు.

చివరకు వెంకటముని అన్నాడు. "తిట్టింది సాలు. ఇప్పుడు మంచి మైనం తెస్తే, నలుగురికి బదులు పదారు మంది దంచితే, ఆదివారానికి అయితాది. కానీ అది మంచిదని సెప్పేదెవరు?"

"మా ఇంటామె చెప్తుంది" అన్నాడు బావ. "ఆ రోజే చెప్పింది. నేనే వినలేదు."

ఆ పూటే నేను తిరుపతి బస్సెక్కాను. కాణిపాకం దగ్గర యాత్రికులతో నిండిపోయింది, పాకాలలో టైరు దిగిపోయింది. డ్రైవరు తీరిగ్గా బీడీ కాలుస్తుంటే వాడి పీక నులమాలనిపించింది. ఇల్లు చేరి అక్కకు జరిగింది చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నేను చెప్పలేదా" అని ఒక్క మాట అన్నా నాకు హాయిగా ఉండేది.

"అందరి ముందరా తీసేసినారా?" అంది. "మళ్ళీ పెట్టుకున్నారా? పెట్టుకోకపోతే అన్నం ఎట్లా తింటారు?" అంది. లోపలికి వెళ్ళి సిద్ధమ్మ మైనం తెచ్చింది. ఆ చైత్రంలోనే కరిగించి నాలుగుసార్లు వడగట్టి పెట్టుకున్నదట. నలుపు పోయి తేనెరంగు తేలింది. దాన్ని తడిగుడ్డలో మూటగట్టుకుని, నాకంటే ముందు బస్సు స్టాండు వైపు నడిచింది. ఆ నడకలో మా బావ కనిపించాడు నాకు.

శుక్రవారం పొద్దుటికి రంగరాజు మనుషులు చిత్తూరు నుంచి తక్కిన ఏడు వస్తువులూ కొత్తగా తెచ్చారు. అక్క మూట విప్పితే రంగరాజు, "మీరు మంచిదంటే అదే సాలమ్మా" అన్నాడు.

"నాది కాబట్టి మంచిదని చెప్తే, ఆయన చేసిన దానికీ నేను చేసే దానికీ తేడా ఏముండాది?" అంది అక్క. "ఎండలో చూద్దాం. ఈ మైనం నా నుదుట పెట్టుకుంటాను. అంగడి మైనం ఇంకొకరు పెట్టుకోవాలి. ఇద్దరం ఒకే ఎండలో కూర్చుంటాం. ధ్వజస్తంభం నీడ బలిపీఠం తాకేదాకా. అప్పుడు మీ కళ్ళతోనే చూడండి."

మాట బాగానే ఉంది. కానీ జారిపోయే బొట్టు ఎవరు పెట్టుకుంటారు? ముత్తైదువ నుదుట కుంకుమ కిందికి కారడం ఎంత అపశకునమో ఆ పల్లెలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. ఆడవాళ్ళందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. వాళ్ళను తప్పుపట్టను. నిజానికి మా అక్క కూడా భయపడుతూనే ఉంది. సిద్ధమ్మ మైనమైనా, వైశాఖపు ఎండకు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

"నాకు పెట్టు" అన్నాడు బావ.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన అప్పటికే పీటమీద కూర్చున్నాడు. అక్క ఆయన ముందు వంగి, తడిగుడ్డతో నామం తుడిచి, అంగడి మైనం గుండ్రంగా అద్ది, దానిమీద కుంకుమ పెట్టింది. ఎర్రటి పెద్ద బొట్టు. తరువాత తన నుదుట సిద్ధమ్మ మైనం పెట్టుకుని, కొబ్బరినూనె చుక్క కూడా కలపకుండా, కుంకుమ అద్దుకుని, పక్క పీటమీద కూర్చుంది.

ఊరంతా ప్రాకారం నీడలో నిలబడింది. ఎండలో వాళ్ళిద్దరే. రాతిబండలు సెగలు కక్కుతున్నాయి. నా కళ్ళు మాత్రం బొట్లమీద లేవు. మా బావ కాళ్ళమీద ఉన్నాయి. లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు, గుడిచుట్టూ ఒక్క చుట్టు చుట్టి వస్తానంటాడు అని కాచుకుని ఉన్నాను. కాలి బొటనవేళ్ళు ఆగకుండా కదులుతున్నాయి. మోకాళ్ళు అదిరాయి. ఆయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు.

ఎంతోసేపు పట్టలేదు. మొదట ఆయన బొట్టు అంచు మెరిసింది. తరువాత మొత్తం ఒక పక్కకు ఒరిగింది. ఎర్రటి చార ఒకటి కనుబొమల మధ్యనుంచి ముక్కుమీదికి దిగింది, ముక్కు చివరినుంచి పెదవిమీదికి, అక్కణ్ణుంచి గడ్డంమీదికి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. ఆయన తుడుచుకోలేదు. అంత ఎండలో, అంతమంది ముందు, ఆ ఎర్రటి మొహంతో, తల ఎత్తుకుని కూర్చున్నాడు. నాకు కళ్ళు మసకబారాయి. ముప్పై ఏళ్ళుగా వేళాకోళం చేసిన బావను ఆ రోజే మొదటిసారి గౌరవించాను.

"సారంగపాణి సామీ, ఆ మైనం సంగతి తెలిసిపోయిందిలే. ఇంక లెయ్" అన్నాడు రంగరాజు. గొంతులో కోపం లేదు.

"నీడ ఇంకా తాకలేదు" అన్నాడు బావ.

అక్క నుదుటికి రెండువైపులా చెమట ధారలు కట్టింది. చెవుల పక్కగా కారి మెడ తడిసిపోయింది. బొట్టు మాత్రం పొద్దున్నే పెట్టుకున్నట్టు గుండ్రంగా అలాగే ఉంది. ధ్వజస్తంభం నీడ బండమీద పాక్కుంటూ వచ్చి బలిపీఠాన్ని తాకగానే వెంకటముని ఎవరి అనుమతీ అడగలేదు. మైనం మూట తీసుకుపోయి బండమీద వేసి, రోకలి ఎత్తాడు.

మళ్ళీ ధన్‌మని చప్పుడు మొదలైంది. జనమంతా అటు పరిగెత్తారు. మా బావ మాత్రం పీటమీదనుంచి లేవలేదు. నేను వెళ్ళి చెయ్యి అందించాను, పట్టుకోలేదు.

"ఆ రోజు నీ బొట్టు ఇట్లానే జారింది. నేను నవ్వినాను" అన్నాడు అక్కతో.

"నవ్వినారు" అంది అక్క. చీర కొంగుతో ఆయన ముక్కు, పెదవి, గడ్డం తుడిచింది. "ఇంక లెయ్యండి. పళ్ళు యాడ పెట్టినారు? ముందు అన్నం తిందురు గానీ."

ఆదివారం తెల్లవారేదాకా ఊరు ఊరంతా దంచింది. ఆడవాళ్ళు కూడా రోకలి పట్టారు. నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. దంచకుండా ఊరుకున్నవాళ్ళు ఎవరూ లేరు. నన్ను పీడించిన ఆ చప్పుడు ఇప్పుడు ఎక్కడ ఆగిపోతుందో అని నాకే భయం పట్టుకుంది. శనివారం పొద్దుగూకేవేళ వెంకటముని గుప్పెడు తీసి పేనితే అది మూర పొడుగున తాడులా సాగింది, ఎక్కడా చిట్లలేదు. ఆయన దాన్ని తీసుకొచ్చి మా అక్కకు చూపించాడు. ఆదివారం ముహూర్తానికి ఆ తాళ్ళు పీఠం చుట్టూ నొక్కారు. నలభై ఎనిమిది రోజుల మండలాభిషేకం అయ్యాక అర్చకుడు స్వామి భుజానికి తన భుజం ఆనించి బలంగా నెట్టి చూశాడట. స్వామి కదలలేదు. ఇది రాస్తున్న 1988లో కూడా కదలలేదు.

ఇప్పుడు అట్టకు అతికించిన బొట్లు అంగళ్ళలోకి వచ్చాయి. అక్క డబ్బీలు అడిగేవాళ్ళు తగ్గారు. స్థపతులు మాత్రం ఇంకా మైనంతో వస్తారు. మొన్న వేసవిలో నేను అక్కడ ఉండగా ఇద్దరు వచ్చి వాకిట్లో నిలబడి, "సారంగపాణి సామి ఉండారా? మైనం సూడాల" అన్నారు. బావ అప్పుడే అలిపిరినుంచి నడిచి వచ్చి, మళ్ళీ ఎక్కడికో బయలుదేరబోతున్నాడు.

"సామి ఉండాడు గానీ, మీకు కావలసింది ఆయన కాదు" అన్నాడు. లోపలికి తిరిగి, "కల్యాణీ, మైనం వచ్చింది" అని కేకేశాడు. తరువాత గోడకు ఆనించిన పీట తీసుకెళ్ళి వాకిట్లో ఎండ పడేచోట వేశాడు. అక్క వచ్చేలోగా లోపలికి పోయి ఇంకో పీట తెచ్చి, దాని పక్కనే వేసుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.